మామిడి పూతకు బూడిద ఎందుకు పడుతుంది?

హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య మామిడి చెట్టు కనిపిస్తే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో దాని పూతను దగ్గరగా చూడండి. పూగుత్తి మీద తెల్లటి పొడి ఉందా? అది రోడ్డు దుమ్ము కాదు, బూడిద తెగులు తెచ్చే శిలీంధ్రం.

చల్లని రాత్రులు, తేమ ఉదయాలు, పొడి మధ్యాహ్నాలు దానికి ఇష్టం. పూల పైపొరలోకి సన్నటి పీచులు దించి పోషకాలు పీల్చేస్తుంది. పూత ఎండిపోతుంది, పిందెలు రాలిపోతాయి. దాని సిద్ధబీజాలను గాలే పక్క చెట్టుకు మోస్తుంది.

ఎలా ఆపాలి? లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, పూమొగ్గలు విచ్చుకోకముందే పిచికారీ చేస్తారు. గంధకం సిద్ధబీజాలను మొలకెత్తనివ్వదు. ఎండిన పూతను మాత్రం బతికించలేదు. మండుటెండలో కొడితే ఆకులు మాడతాయి. పూలు విచ్చాక అసలు కొట్టకండి, పుప్పొడి మోసే ఈగలకూ తేనెటీగలకూ ముప్పు. మందు కొట్టే పని పెద్దలదే, అదీ మాస్కు, గ్లౌజులతో. పిల్లలూ, మీరు పూతను గమనించి వాళ్లకు చెప్పండి.