దోషరహిత మూలం, దోషసాధ్యమైన ప్రతి: క్రైస్తవ లేఖన విశ్వాసాన్ని అర్థం చేసుకోవడం

గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో బార్డోలీ పేరు 1928 నాటి రైతు సత్యాగ్రహం వలన దేశమంతటికీ తెలిసింది. అక్కడి నుండి తూర్పుగా వ్యారా, సోన్‌గఢ్ వైపు సాగే ప్రాంతంలో చౌధరీ, గామీత్, వసావా ఆదివాసీ సమాజాలు నివసిస్తున్నాయి. వారిలో కొన్ని కుటుంబాలు క్రైస్తవులు. వారి ప్రార్థనలో, పఠనంలో గుజరాతీ బైబిలుకు ప్రధాన స్థానం ఉంది. ఇటువంటి సమాజాల నడుమ పనిచేసే వారసత్వ పరిశోధకులకు, మతాంతర సంభాషణలలో పాల్గొనే భిక్షువులకు తరచు వినిపించే మాట ఒకటి ఉంది: లేఖనంలో దోషం లేదు, అది పూర్తిగా విశ్వసనీయం.

ఈ మాట విన్నవారు సాధారణంగా రెండు నిర్ణయాలకు వస్తారు. చేతిలోని ముద్రిత ప్రతిలో ప్రతి అక్షరమూ మార్పులేనిదని విశ్వాసి నమ్ముతున్నాడని భావించడం మొదటిది. ప్రతుల పరిశీలన, చరిత్ర పరిశోధన ఈ విశ్వాసానికి విరోధులని తలచడం రెండవది. సిద్ధాంతాన్ని దాని సొంత పదజాలంలో పరిశీలిస్తే ఈ రెండు నిర్ణయాలూ నిలువవు. అది దోషరాహిత్యాన్ని ఆపాదించేది మూలరచనకే. ప్రతులకు, అనువాదాలకు లభించేది ఆ మూలానికి అవి ఎంత నమ్మకంగా ఉన్నాయో అంత ప్రామాణ్యం మాత్రమే.

సిద్ధాంత నిర్మాణం

ఈ విశ్వాసపు తర్కం సరళమైనది. దేవుడు అసత్యమాడడు, లేఖనం దేవుని వాక్కు, కనుక లేఖనం ధ్రువీకరించేది అసత్యం కాజాలదు. ఆదిమ సంఘపు ఆచార్యుల రచనలలోనే ఈ భావం ఉంది. 5వ శతాబ్దపు తొలినాళ్ళలో జెరోముకు వ్రాసిన ఒక లేఖలో అగస్టీను, లేఖనంలో సత్యవిరుద్ధంగా తోచినది ఎదురైతే ప్రతి చెడినదని గాని, అనువాదకుడు పొరబడ్డాడని గాని, తనకే అర్థం కాలేదని గాని భావిస్తానని చెప్పాడు. మూలానికీ ప్రతికీ మధ్య ఉన్న భేదం ఆనాటికే స్పష్టంగా ఉన్నదని దీనివలన తెలుస్తుంది.

1640లలో రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన ఈ భేదాన్ని నియమంగా మార్చింది. హీబ్రూ, గ్రీకు మూలాలే వివాదాలలో అంతిమ ప్రమాణమని చెబుతూనే, ఆ భాషలు ఎరుగని ప్రజల కోసం లేఖనాన్ని వారి భాషలలోకి అనువదించాలని అది విధించింది. 1881లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంతులు ఏ.ఏ. హాడ్జ్, బి.బి. వార్‌ఫీల్డ్ తమ వ్యాసంలో దోషరాహిత్యం తొలి స్వహస్త ప్రతులకు చెందినదని వాదించారు. 1978లో షికాగోలో వెలువడిన దోషరాహిత్య ప్రకటన ఈ అభిప్రాయానికి నేటి ప్రామాణిక రూపం. ఆధునిక సాంకేతిక నిర్దుష్టత లేకపోవడం, వ్యాకరణపు లోపాలు, స్థూల సంఖ్యలు, సూర్యుడు ఉదయించాడనే వంటి లోకదృష్టి వర్ణనలు దోషాలుగా లెక్కకు రావని అది వివరించింది.

క్రైస్తవులందరూ దీనిని ఒకే విధంగా స్వీకరించరు. 1965 నాటి రెండవ వాటికన్ సభ పత్రం, దేవుడు మానవ రక్షణ నిమిత్తం లేఖనంలో ఉంచదలచిన సత్యాన్ని లేఖనం దోషం లేకుండా బోధిస్తుందని చెప్పింది. కొందరు ప్రొటెస్టెంటులు, విశ్వాసానికీ ఆచరణకూ సంబంధించిన విషయాలలో లేఖనం తప్పుదారి పట్టించదని మాత్రమే అంటారు. ఒక సమాజపు విశ్వాసాన్ని నమోదు చేసే పరిశోధకుడు వీటిలో ఏది వారి అభిప్రాయమో అడిగి తెలుసుకోవాలి.

"దైవావేశం" అనే మాట

ఈ సిద్ధాంతానికి ఆధారంగా చూపే వాక్యాలలో ముఖ్యమైనది తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయంలో ఉంది. అక్కడి గ్రీకు పదం థెయోప్న్యూస్టోస్. దేవుని ఊపిరి వలన వెలువడినది అని దాని అర్థం. తెలుగు బైబిలు ఇక్కడ "దైవావేశము" అనే మాటను వాడింది. తెలుగువారికి ఆవేశం అనగానే పూనకం, స్వీయస్పృహ తప్పడం స్ఫురిస్తాయి. సిద్ధాంతం మాత్రం దీనికి భిన్నమైనది. రచయితల వ్యక్తిత్వం, శైలి, పాండిత్యం చెరగకుండానే వారి మాటలు దైవ సంకల్పాన్ని వ్యక్తం చేశాయన్నది దాని సారం. లూకా తన సువార్త ఆరంభంలోనే విషయాలను మొదటి నుండి విచారించి వ్రాస్తున్నానని చెప్పుకోవడం ఈ దృష్టికి అనుకూలంగా ఉంటుంది. ఒక్క అనువాద పదం సిద్ధాంతపు రూపాన్ని వినేవారి మనసులో ఎంత మార్చగలదో దీనిలో చూడవచ్చు.

సూరత్, విశాఖపట్నం: ఒకే ప్రణాళికలోని రెండు కేంద్రాలు

లండన్ మిషనరీ సొసైటీ 1804లో భారతదేశానికి పంపిన తొలి బృందానికి సూరత్ ఒక గమ్యస్థానం. ఆ బృందంలోనివారే జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్. వీరు 1805లో విశాఖపట్నం చేరి, బ్రాహ్మణ కుటుంబం నుండి క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం ప్రారంభించారు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో మరణించారు. వారు సిద్ధపరచిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంతకు చాలా ముందే, 1720లలో మద్రాసులో బెంజమిన్ షుల్జ్ తెలుగు అనువాదం ఆరంభించాడు. ఆయన వ్రాతప్రతులు జర్మనీలోని హాలే నగరానికి చేరినా ముద్రణకు నోచుకోలేదు. 1810ల చివరి నాటికి నూతన నిబంధనకు రెండు వేర్వేరు తెలుగు అనువాదాలు అచ్చులోకి వచ్చాయి. ఒకటి విశాఖపట్నంలో ప్రిచెట్ పూర్తి చేసి మద్రాసులో ముద్రింపజేసినది. రెండవది శ్రీరాంపూర్‌లో కేరీ బృందం వెలువరించినది.

సూరత్‌లో 1815లో పని ఆరంభించిన జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ బైబిలును గుజరాతీలోకి అనువదించి 1820ల తొలి భాగంలో అక్కడి మిషన్ ముద్రణాలయంలోనే అచ్చు వేశారు. 1840లలో సూరత్ కేంద్రం ఐర్లండు ప్రెస్బిటేరియనుల చేతికి వచ్చింది. వారిలో ఒకడైన జె.వి.ఎస్. టేలర్ గుజరాతీ వ్యాకరణకర్తగా కూడ ప్రసిద్ధుడు. ఆయన పూర్వపు అనువాదాన్ని సంస్కరించాడు. ఈ సంఘం వెస్ట్‌మినిస్టర్ ప్రకటనను అంగీకరించినది. లేఖనం దోషరహితమని నమ్మినవారే ముద్రితమైన లేఖనానువాదాన్ని దిద్దారు. ఇందులో వైరుధ్యం లేదు. మూలం దోషరహితమని నమ్మినందువలననే, దానికి దూరంగా ఉన్న అనువాదాన్ని అలాగే వదలివేయడం వారికి సమ్మతం కాలేదు.

1890ల మధ్యలో వల్సాడ్ కేంద్రంగా పని ప్రారంభించి వ్యారా వరకు విస్తరించిన అమెరికా బ్రెదరెన్ సంఘానిది మరొక మార్గం. 1708లో జర్మనీలోని ష్వార్జెనౌలో పుట్టిన ఈ సంఘం విశ్వాస ప్రకటనలను రచించుకోలేదు. నూతన నిబంధనే తమ నియమమని చెప్పుకొంది. 1970లో ఉత్తర భారత సంఘం ఏర్పడినప్పుడు గుజరాత్‌లోని ఈ రెండు ధారలూ అందులో కలిశాయి. దక్షిణ గుజరాత్‌లో లేఖన విశ్వాసం ఒకే మూసలో ఉండకపోవడానికి ఈ నేపథ్యం ఒక కారణం.

ప్రతులు ఏమి చూపుతున్నాయి

స్వహస్త ప్రతులు ఒక్కటీ నేడు లేవు. గ్రీకు నూతన నిబంధనకు 5,000కు పైగా వ్రాతప్రతులు, ఖండికలు ఉన్నాయి. వాటి నడుమ పాఠభేదాలు అసంఖ్యాకం. వర్ణక్రమం, పదక్రమం వంటి స్వల్ప భేదాలే వీటిలో అధికం. కొన్ని మాత్రం పెద్దవి. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు 4వ శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతులలో లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ యోహాను సువార్త ప్రాచీన ప్రతులలో కనిపించదు.

పాత నిబంధన విషయంలో 1947 నుండి మృతసముద్ర తీరపు గుహలలో దొరికిన చుట్టలు కీలకమైనవి. అక్కడి పెద్ద యెషయా చుట్ట అంతకు ముందు తెలిసిన హీబ్రూ ప్రతులకంటె సుమారు 1,000 సంవత్సరాలు ప్రాచీనం. అయినా పాఠం చాలావరకు ఏకీభవిస్తుంది. అవే గుహలలో యిర్మీయా గ్రంథపు హ్రస్వపాఠం కూడ లభించింది. దీనికి ప్రాచీన గ్రీకు అనువాదంతో పోలిక ఉంది. ఒకే గుహాసమూహం పాఠ స్థిరత్వానికీ పాఠ వైవిధ్యానికీ సాక్ష్యమిస్తున్నది. ఒకదానిని మాత్రమే ఉదహరించడం న్యాయం కాదు.

తవ్వకాల పరిమితి కూడ ఇటువంటిదే. 1961లో కైసరయలో దొరికిన పిలాతు శాసనం, 1993లో తేల్ దాన్‌లో బయటపడిన "దావీదు ఇల్లు" శాసనం బైబిలు పేర్కొన్న వ్యక్తులకూ వంశానికీ బాహ్యసాక్ష్యం. 1950లలో యెరికోలో కాథలీన్ కెన్యన్ జరిపిన తవ్వకాలు మాత్రం నగర విధ్వంసాన్ని యెహోషువ కథకు సాధారణంగా చెప్పే కాలం కంటె ముందుకు జరిపాయి. శాసనం ఒక వాక్యాన్ని బలపరచవచ్చు, తవ్వకం మరొక వాక్యాన్ని ప్రశ్నించవచ్చు. ఒక గ్రంథం మొత్తం దైవవాక్కా కాదా అన్నది పలుగు, పార తేల్చే విషయం కాదు.

విమర్శకుల ప్రధాన ఆక్షేపణ ఇక్కడిదే: లేని ప్రతికి దోషరాహిత్యం ఆపాదిస్తే దానిని పరీక్షించేదెలా? సమర్థకుల సమాధానం, ప్రతుల సమృద్ధి వలన మూలపాఠాన్ని చాలావరకు పునర్నిర్మించవచ్చునని, సందేహాస్పద స్థలాలపై ఏ ముఖ్య విశ్వాసమూ ఆధారపడి లేదని. రెండు పక్షాలూ పాఠపరిశీలనను అవసరమైన విద్యగానే అంగీకరిస్తున్నాయి.

బౌద్ధ పాఠకునికి పోలిక, భేదం

నాగార్జునకొండ శాసనాలలో దీఘ, మజ్ఝిమ నికాయాల వాచకుల ప్రస్తావన ఉంది. అక్కడ పాఠానికి ఆశ్రయం వల్లించే భిక్షువు. మహాపరినిబ్బాన సుత్తంలోని నాలుగు మహాపదేశాలు, బుద్ధవచనమని ఎవరు చెప్పినా దానిని సుత్తంతో, వినయంతో సరిపోల్చి చూడమంటాయి. సరిపోల్చడం అనే విధానం రెండు సంప్రదాయాలకూ ఉమ్మడిదే. ప్రామాణ్యపు పునాది వేరు. బౌద్ధంలో వచనం మార్గాన్ని చూపి ఆచరణలో పరీక్షకు నిలుస్తుంది. ఈ క్రైస్తవ దృష్టిలో వచనపు సత్యం పలికినవాని సత్యసంధత నుండి వస్తుంది. థేరవాద ఉపసంపదలో పాలి ఉచ్చారణ శుద్ధి ముఖ్యం. క్రైస్తవ సంస్కారాలు మాత్రం గుజరాతీలోనో తెలుగులోనో జరిగినా లోపం లేదు.

ఈ భేదానికి వారసత్వ పరిరక్షణలో ప్రత్యక్ష ఫలితం ఉంది. గాంధార ప్రాంతపు భూర్జపత్ర ప్రతులు మట్టి కుండలలో భద్రపరచినందువలన మిగిలాయి. యూదులు దేవుని పేరున్న పత్రాన్ని పారవేయకపోవడం వలన కైరో భాండాగారం నిలిచింది. పవిత్రత కాగితానిది కాదని భావించే ప్రొటెస్టెంట్ సంప్రదాయంలో, కొత్త సంస్కరణ రాగానే పాత ముద్రణకు ప్రయోజనం తీరినట్లే. సూరత్, విశాఖపట్నం అనువాదాల తొలి ముద్రణలు గుజరాతీ, తెలుగు అచ్చు చరిత్రకు, ఆనాటి వచన రీతికి ఆధారాలు. శిథిలమైన కుటుంబ బైబిలు ఖాళీ పుటలలో జనన, వివాహ, మరణ వివరాలు వ్రాసి ఉండవచ్చు.

కనుక బార్డోలీ ప్రాంతంలో గాని, ఉత్తరాంధ్రలో గాని క్రైస్తవ కుటుంబాల వద్ద పాత బైబిలు కనిపించినప్పుడు ముద్రణ సంవత్సరం, స్థలం, ప్రచురణ సంస్థ, చేతివ్రాతలు నమోదు చేయడం అవసరం. దానిని భద్రపరచమని కోరేటప్పుడు ప్రతి పవిత్రమనే వాదన వారికి అన్యంగా తోచవచ్చు. మూలానికి విశ్వాసంగా ఉండేందుకు పూర్వులు చేసిన శ్రమకు ఈ ప్రతి సాక్ష్యమని చెబితే, ఆ మాట వారి సిద్ధాంతానికీ పరిశోధకుని అవసరానికీ సమానంగా సరిపోతుంది.