మంచుబండికి స్కీలు మార్చుకుంటే...

1959లో కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ స్కీ-డూను విపణిలోకి తెచ్చిన నాటినుండి స్నోమొబైల్ మూలసూత్రం మారలేదు. వెనుకనున్న రబ్బరు పట్టా నెడుతుంది, ముందరి స్కీలు దారి మళ్లిస్తాయి. నిజానికి గట్టి మంచుపై బండిని తిప్పేది స్కీ పలక కాదు. దాని అడుగున వెన్నులా ఉండే కీల్, దానికి బిగించిన కార్బైడ్ మొనల ఉక్కు కడ్డీ.

నలిగిన బాటపై ముందుబండ్ల గాడులలో ఈ కడ్డీ చిక్కుకొని, చోదకుని ప్రమేయం లేకుండానే బండిని పక్కకు లాగుతుంది. దీనినే 'డార్టింగ్' అంటారు. ఎదుట మరొక బండి వచ్చే ఇరుకు మలుపులో ఇది ప్రాణాంతకం కాగలదు. విడిగా కొని అమర్చే జంట కీల్ స్కీలు ఒకే గాడికి కట్టుబడవు గనుక ఈ లాగుడు చాలావరకు తగ్గుతుంది. వెడల్పు స్కీలు లోతైన మెత్తని మంచులో అంతగా కూరుకుపోవు.

అయితే పట్టు పెరిగినకొద్దీ హ్యాండిల్ బరువెక్కుతుంది. సాయంత్రానికి భుజాలు పీకుతాయి. పట్టు మితిమీరితే మలుపులో లోపలివైపు స్కీ లేచి బండి ఒరిగే ప్రమాదమున్నది. అమ్మకందారులు నొక్కిచెప్పే విషయం కాదిది! స్కీల ముందుకొనలు తయారీదారు సూచించిన మేరకు ఒకింత వెలుపలికి ఉన్నవో లేదో చూచి, అరిగిన కడ్డీలు మార్చిన పిమ్మట కూడా బండి లాగుతూంటేనే కొత్త స్కీల ఖర్చుకు పూనుకోవాలి.