జగర్గుండా దారిలో ప్లగ్ పానా

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా జాతీయ రహదారి 30 పట్టుకుని ఛత్తీస్‌గఢ్‌లోకి వెళ్తే కొంటా వస్తుంది, ఆ తర్వాత దోర్నపాల్. అక్కడ పెద్దరోడ్డు వదిలి అడవి దారి పడితే జగర్గుండాకు సుమారు 56 కిలోమీటర్లు. దారిలో పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్‌నార్ తగులుతాయి. బండి మిస్సింగ్ కొట్టి ఆగిపోతే హైదరాబాద్‌లో సందు చివరిదాకా తోసుకుపోతే చాలు, ఎవరో ఒక మెకానిక్ దొరుకుతాడు. ఈ దారిలో తోసుకుపోవడమంటే పూట గడిచిపోయే పని. అందుకే పట్నంలో సరదాగా నేర్చుకునే ఒక చిన్న విద్య ఇక్కడ అవసరంగా మారుతుంది: స్పార్క్ ప్లగ్ విప్పి, చూసి, మార్చుకోవడం.

జగర్గుండా మొదటి నుంచీ ఇలా విసిరేసినట్టున్న ఊరు కాదు. సుక్మా, దంతెవాడ, బీజాపూర్ వైపుల నుంచి వచ్చే దారులు ఇక్కడే కలిసేవి. చింతపండు, ఇప్పపువ్వు వంటి అటవీ ఉత్పత్తుల వ్యాపారం జోరుగా సాగేది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊరు ముళ్లకంచె మధ్య శిబిరమైపోయింది. రోడ్లు తెగాయి, సరుకులు బలగాల కాపలాలో లారీల మీద వచ్చే రోజులు నడిచాయి. 2010 ఏప్రిల్ 6న మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయిన తాడ్‌మెట్ల ఈ దారికి దగ్గరే. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర చనిపోయిన 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు రోడ్డు పనికి కాపలా కాస్తున్నవాళ్లే. పదమూడేళ్లు మూతపడిన బడి 2019లో తెరుచుకుంది. 2025లో బ్యాంకు శాఖ వచ్చింది. రోడ్డు వచ్చింది కాబట్టి బండ్లూ వస్తాయి. బండ్లు వచ్చినంత తొందరగా మెకానిక్ షెడ్లు రావు.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఈ ప్రాంతంలో జనాన్ని మోసే బొలేరోలు, పొలాల్లో తిరిగే ట్రాక్టర్లు డీజిల్ బండ్లు. వాటిలో స్పార్క్ ప్లగ్ ఉండదు. డీజిల్ ఇంజిన్ గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే ఇంధనాన్ని అంటిస్తుంది. కొన్నింట్లో ఉండే గ్లో ప్లగ్ చలిలో స్టార్ట్ కావడానికి వేడినిచ్చేది మాత్రమే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు బండ్ల సంగతి: పాత మారుతి 800, ఆల్టో, ఈకో లాంటివి, అన్నిటికన్నా ఎక్కువగా మోటార్ సైకిళ్లు. అడవి పల్లెల్లో బైకు తక్కువ వస్తువేమీ కాదు. బీజాపూర్, సుక్మా, దంతెవాడ లాంటి చోట్ల పెద్ద అంబులెన్స్ వెళ్లలేని దారుల కోసమే సీఆర్‌పీఎఫ్, డీఆర్‌డీఓ కలిసి రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి మీద ‘రక్షిత’ అనే బైకు అంబులెన్స్ తయారుచేశాయి. 2021 జనవరిలో దాన్ని బలగాలకు అప్పగించారు. అలాంటి బండికి కూడా ప్లగ్ మండకపోతే కదలిక లేదు.

ప్లగ్ చేసే పని చెప్పడానికి చిన్నది. కాయిల్ అనే భాగం బ్యాటరీలోని 12 వోల్టులను ఇరవై వేలు, అవసరమైతే ఇంకా పైకి పెంచుతుంది. ఆ కరెంటు ప్లగ్ మధ్య కడ్డీ దాకా వచ్చి, మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్న ఖాళీని దూకి పక్క కొక్కేన్ని అందుకుంటుంది. ఆ దూకుడే నిప్పురవ్వ. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం దానితో అంటుకుంటుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే నాలుగు స్ట్రోకుల బండిలో ఒక్కో ప్లగ్ సెకనుకు 25 సార్లు మండాలి. ఆ పని చేస్తూనే అది ఒక వేడి హద్దులో ఉండాలి. ముక్కు సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి తనంతట తాను కాలిపోతుంది. 850 దాటితే రవ్వ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌కు ముప్పు తెస్తుంది. ‘హాట్ ప్లగ్’, ‘కోల్డ్ ప్లగ్’ అనే రకాలు ఇందుకే వచ్చాయి. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఎన్‌జీకే ప్లగ్ మీద అంకె పెరిగితే అది చల్లని రకం, బాష్ ప్లగ్ మీద అంకె పెరిగితే వేడి రకం. అంకెలు దగ్గరగా ఉన్నాయి కదా అని ఒక కంపెనీ ప్లగ్ బదులు ఇంకో కంపెనీది బిగించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1860లోనే ఫ్రాన్స్‌లో లెన్వార్ తన గ్యాస్ ఇంజిన్‌ను విద్యుత్ రవ్వతో నడిపాడు. కార్లకు నమ్మకమైన ఏర్పాటు రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసే గాట్లోబ్ హోనోల్డ్ హై వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్‌నూ కలిపి తెచ్చాడు. అంత కరెంటు పక్కకు జారిపోకుండా ఆపే తొడుగు ఏది అన్నది ఆ తర్వాత చాలాకాలం వేధించిన ప్రశ్న. మొదట్లో పింగాణీ వాడారు, విమానాలు, పందెపు కార్ల ప్లగ్గుల్లో అభ్రకం వాడారు. ఆ కాలంలో ప్రపంచానికి పలకల అభ్రకం ఎక్కువగా ఇండియా నుంచే వెళ్లేది. బీహార్ గనులతో పాటు నెల్లూరు జిల్లా గూడూరు గనులకూ అప్పట్లో పెద్ద పేరు. 1930ల నుంచి అల్యూమినా పింగాణీ వచ్చి అభ్రకాన్ని పక్కకు నెట్టింది. మన దేశంలో 1951లో బాష్ తోడ్పాటుతో బెంగళూరులో మైకో కంపెనీ మొదలైంది. 2008లో పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, పాత మెకానిక్‌ల నోట అది ఇంకా మైకో ప్లగ్గే.

ప్లగ్ అరిగిందని బండే చెబుతుంది. పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. నిలబెట్టి ఉంచితే ఇంజిన్ వణుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులు ఇస్తుంది, పికప్ తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మూడు సిలిండర్ల ఆల్టోలో ఒక ప్లగ్ మానేస్తే బండి మొత్తం ఊగిపోతుంది, ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది. కార్లలో మామూలు నికెల్ ప్లగ్ 20,000 నుంచి 40,000 కిలోమీటర్లు, ఇరిడియం రకం లక్ష దాకా నడుస్తాయని లెక్క. ఇది రోడ్డు బాగున్నప్పటి మాట. దుమ్ము, గతుకులు, సీసాల్లో అమ్మే కల్తీ పెట్రోలు కలిస్తే ఈ లెక్కను నమ్ముకోకూడదు.

అసలు విషయం విప్పిన ప్లగ్‌లోనే ఉంది. ఆర్‌ఎంపీ డాక్టరు నాలుక చాపమన్నట్టు, తెలిసిన మెకానిక్ ముందు ప్లగ్ ముక్కు చూస్తాడు. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. చేతికి అంటే పొడి మసి పట్టి ఉంటే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ అయిందని అర్థం. ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండ్లలో దీనికి ముందు అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్‌ని. ముఖ్యంగా కార్బురేటర్ ఉన్న పాత బండ్లలో ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే ఎన్ని కొత్త ప్లగ్గులు వేసినా వారం తిరిగేసరికి మళ్లీ నల్లబడతాయి. జిడ్డుగా, తడిగా నల్లగా ఉంటే ఆయిలు లోపలికి చేరుతోంది: రింగులు, వాల్వు సీళ్లు చూపించుకోవాలి, ప్లగ్ మార్చి లాభం లేదు. తెల్లగా సున్నం కొట్టినట్టై అంచులు కరిగి ఉంటే ఇంజిన్ మితిమీరి వేడెక్కుతోంది. ఇంత కబురు చెప్పే వస్తువును విప్పగానే చెత్తలో పడేసి కొత్తది బిగించడం తెలివితక్కువ పని. చాలామంది చేసేది మాత్రం అదే.

ఇంట్లో మార్చుకోవడానికి కావలసినవి ఎక్కువేం లేవు. ప్లగ్ పానా కావాలి. ఈనాటి కార్లలో ఎక్కువగా 16 మిల్లీమీటర్లది సరిపోతుంది, పాత వాటికి 21ది. లోపల రబ్బరు ఉన్న పానా అయితే ప్లగ్ పడిపోకుండా పట్టుకుంటుంది. దానితో పాటు ప్లగ్ ఖాళీ కొలిచే ఒక ఫీలర్ గేజి, పాత టూత్ బ్రష్, ఒక జానెడు పెట్రోలు పైపు ఉంటే సరి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు. ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వేడిగా ఉండగా ప్లగ్ తిప్పితే మరలు ఊడివస్తాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. పాత 800లో ఒక్కో ప్లగ్‌కూ ఒక్కో వైరు వస్తుంది. వైరు పట్టుకుని లాగకుండా టోపీని పట్టుకుని కాస్త మెలితిప్పి తీయాలి. మూడు వైర్లూ ఒకేసారి పీకేస్తే ఏది దేనికో తెలియక తలపట్టుకోవాల్సి వస్తుంది. ఆ బండిలో రవ్వ వరస 1-3-2. అందుకే ఒకటి విప్పి, కొత్తది బిగించి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లాలి. కొత్త కార్లలో ప్రతి ప్లగ్ మీదా ఒక చిన్న కాయిల్ కూర్చుని ఉంటుంది. క్లిప్పు తీసి, ఒక్క బోల్టు విప్పితే అది పైకి వస్తుంది.

టోపీ తీయగానే పానా పెట్టకూడదు. ప్లగ్ చుట్టూ గుంటలో చేరిన మట్టిని ముందు బ్రష్‌తో లాగి, ఊది శుభ్రం చేయాలి. లేకపోతే ప్లగ్ బయటికి రాగానే ఆ ఇసుకంతా సిలిండర్‌లోకి జారుతుంది. బస్తర్ దారుల్లో తిరిగిన బండికి ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. ముందు చక్రం చిమ్మే బురద నేరుగా హెడ్ మీద పడే బైకులకు ఇంకా ఎక్కువ. వానాకాలంలో చాలాసార్లు తప్పు ప్లగ్‌ది కానే కాదు. టోపీలోకి నీళ్లు చేరి కరెంటు బయటికి పోతుంటుంది. టోపీ విప్పి పొడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు, బండి మళ్లీ అందుకుంటుంది.

రవ్వ దూకే ఖాళీ, అంటే గ్యాప్ దగ్గర మన షెడ్లలో ఒక అలవాటుంది. ఫీలర్ గేజి దొరకనప్పుడు హ్యాక్‌సా బ్లేడు దూర్చి సరిపెట్టేస్తారు. బ్లేడు మందం సుమారు 0.6 మిల్లీమీటర్లు. చాలా బైకులకు కావలసింది 0.7 నుంచి 0.9. కార్లలో 1.1 దాకా అడిగేవి ఉన్నాయి. బ్లేడు లెక్కతో బండి నడుస్తుంది, కానీ రవ్వ చిన్నదవుతుంది. దారి మధ్యలో గట్టెక్కడానికి అది సరే, ఇంటికి చేరాక గేజితో సరిచేసుకోవాలి. వంచేటప్పుడు పక్క కొక్కేన్నే మెల్లగా తట్టాలి, మధ్య కడ్డీని తాకకూడదు. ఇరిడియం ప్లగ్‌లో మధ్య కడ్డీ చాలా సన్నం. దాన్ని బ్రష్‌తోగానీ ఎమ్రీ పేపర్‌తోగానీ గీకడం మొదలుపెడితే పెట్టిన డబ్బు దండగ.

బిగించడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పెట్రోలు పైపును కొత్త ప్లగ్ తలకు తొడిగి వేళ్లతో తిప్పాలి. మర సరిగ్గా పట్టకపోతే పైపే జారిపోతుంది కాబట్టి అడ్డదిడ్డంగా ఎక్కే ప్రమాదం ఉండదు. వేలితో తిరగడం ఆగాక, వాషర్ ఉన్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కు పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు. టార్క్ పానా ఉంటే అల్యూమినియం హెడ్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. పాత ప్లగ్‌నే తుడిచి పెడుతుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, అప్పుడు చుట్టులో పన్నెండో వంతు తిప్పితే సరిపోతుంది. బలమంతా పెట్టి బిగిస్తే మర పోతుంది. మర పోతే హెడ్ విప్పాల్సి రావచ్చు, దాని ఖర్చు ముందు ప్లగ్ ధర లెక్కలోకే రాదు. వదులుగా వదిలేసినా ముప్పే. ప్లగ్ తన వేడిని మరల ద్వారా, ఆ వాషర్ ద్వారా హెడ్‌కు ఇస్తుంది. సరిగా ఆనకపోతే మాడిపోతుంది.

ప్లగ్‌ను విప్పి ఇంజిన్‌కు ఆనించి, కిక్కు కొట్టి నీలి రవ్వ చూసే పాత పద్ధతి గురించి ఒక హెచ్చరిక. పాత బైకుల్లో అది పనికొస్తుంది, ప్లగ్ రంధ్రం లోంచి వచ్చే పెట్రోలు ఆవిరికి దూరంగా పట్టుకుంటే. కంప్యూటర్‌తో నడిచే కొత్త బండ్లలో ఆ ప్రయోగం వద్దు. కాయిల్, దానితో పాటు కంట్రోల్ యూనిట్ దెబ్బతింటాయి. అలాగే ప్లగ్ ఎంతకీ కదలకపోతే పానాకు పైపు తగిలించి లాగకూడదు. ఆ బండిని దోర్నపాల్ దాకా ట్రాలీ మీద వేసుకుపోవడమే చవక.

కొన్ని కార్లను ఇంట్లో ముట్టుకోకపోవడమే మంచిది. వెనక ప్లగ్గులు ఇంజిన్‌కూ క్యాబిన్ గోడకూ మధ్య ఇరుక్కుని, పైనున్న ఇన్‌టేక్ గొట్టాలు విప్పితేగానీ కనబడని ఆరు సిలిండర్ల బండ్లున్నాయి. బైకుల్లోనూ లెక్క తేడా ఉంటుంది. బజాజ్ 2003లో పల్సర్‌కు జంట ప్లగ్గుల ఇంజిన్ పెట్టింది, 2012లో పల్సర్ 200 ఎన్ఎస్‌కు మూడు పెట్టింది. ఒకటి మార్చి మిగతావి మరిచిపోతే పని సగమే అయినట్టు.

కొనేటప్పుడు బండి మాన్యువల్‌లో ఉన్న నంబరును అక్షరం వదలకుండా రాసుకుని వెళ్లాలి. సంతల్లో, చిన్న విడిభాగాల కొట్లలో నకిలీ ప్లగ్గులూ కలుస్తుంటాయి. పింగాణీ మీద అచ్చు మసకగా ఉన్నా, పక్క కొక్కెం మధ్య కడ్డీకి సూటిగా లేకున్నా తీసుకోకూడదు. అసలు ప్లగ్‌కు ఉన్న వాషర్ చుట్టూ తిరుగుతుందిగానీ మర మీంచి తేలిగ్గా ఊడిరాదు. చేతిలోంచి సిమెంటు నేల మీద పడ్డ ప్లగ్ కొత్తదైనా వాడకూడదు. పింగాణీలో కంటికి కనబడని చీలిక వస్తే కరెంటు ఆ దారిన జారిపోతుంది. మంచి స్థితిలో ఉన్న పాత ప్లగ్ ఒకటి, దానికి సరిపోయే పానా సీటు కింద గుడ్డలో చుట్టి పెట్టుకుంటే చోటేమీ పట్టదు. దోర్నపాల్ దాటాక ఆ మూట ఖరీదు దుకాణం ధరతో లెక్కకట్టేది కాదు.