వేలిముద్ర వేరు, పిన్ వేరు

ఆధార్ నంబరులో 12 అంకెలుంటాయి. అది 0తో గానీ 1తో గానీ మొదలవదు. తొలి 11 అంకెలూ యాదృచ్ఛికంగా వచ్చినవే. పుట్టిన తేదీ, రాష్ట్రం, కులం, మతం వంటి వివరమేదీ వాటిలో దాగి ఉండదు. చివరి అంకె మాత్రం మిగతా పదకొండింటి నుంచి లెక్కకట్టి తేల్చేది. డచ్ గణితవేత్త వెర్హూఫ్ 1969లో ప్రకటించిన సూత్రం ఈ లెక్కకు ఆధారం. నంబరు ఎక్కించేటప్పుడు ఒక అంకె తప్పు పడినా, పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైనా ఈ చివరి అంకె పట్టేస్తుంది. ఈ అమరికలో 8,000 కోట్ల నంబర్లు సాధ్యం. దేశ జనాభాకు ఇవి తరతరాలకూ సరిపోతాయి.

నంబర్లు పుట్టించడం సులువే. ఒక మనిషికి ఒకే నంబరు ఇవ్వడం అసలు చిక్కు. భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ, అంటే ఉడాయ్, 2009 జనవరిలో ఏర్పడింది. నందన్ నీలేకని దానికి తొలి చైర్మన్. మొదటి ఆధార్ నంబరును 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్‌బార్ జిల్లా తెంభ్లీ గ్రామంలో ఒక గిరిజన మహిళకు అందించారు. అప్పటికి దేశంలో రేషన్ కార్డులు, ఓటరు కార్డులు, పాన్ కార్డులు లేకపోలేదు. అయితే ఒకే వ్యక్తి రెండు పేర్లతో రెండు కార్డులు తీసుకుంటే కనిపెట్టే మార్గం వాటిలో లేదు. అందుకే పది వేళ్ల ముద్రలు, రెండు కళ్ల కనుపాపలు, ముఖచిత్రం సేకరించి, కొత్తగా వచ్చిన ప్రతి నమోదునూ అప్పటికే ఉన్న నమోదులన్నిటితో పోల్చి చూసే పద్ధతి పెట్టారు.

ఒక్క వేలు ఎందుకు చాలదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక ముద్రను వేరొకరి ముద్రతో పోల్చినప్పుడు యంత్రం కోటిసార్లలో ఒక్కసారి మాత్రమే పొరబడుతుందనుకుందాం. వినడానికి అది చాలా తక్కువ. కానీ పోల్చాల్సిన నమోదులు 100 కోట్లుంటే, కొత్తగా వచ్చిన ఒక్క మనిషికి వంద మంది ‘నకళ్లు’ కనిపిస్తారు. పది వేళ్లు, రెండు కనుపాపలు కలిపి చూస్తే పొరపాటుకు చోటు దాదాపు మూసుకుపోతుంది. కనుపాప చుట్టూ ఉండే నమూనా పుట్టకముందే ఏర్పడి, జీవితాంతం పెద్దగా మారదు. పనిపాటల వల్ల అరిగేది కూడా కాదు.

వేలిముద్రకు ఆ భాగ్యం లేదు. నమోదు కేంద్రంలో పది వేళ్లూ పనికొస్తాయి. రేషన్ దుకాణంలోని ఈ-పోస్ యంత్రం మాత్రం సాధారణంగా ఒక్క వేలినే చూస్తుంది. ఆ వేలి చిత్రంలో గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అన్న బిందువుల అమరిక సర్వర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి వచ్చే జవాబు ‘అవును’ లేదా ‘కాదు’. బీడీలు చుట్టే చేతులకూ, రాళ్లు కొట్టే చేతులకూ, ఏళ్ల తరబడి మిరపకాయల తొడిమలు తీసిన చేతులకూ గీతలు అరిగిపోతాయి. వయసు మీదపడ్డ కొద్దీ చర్మం ఎండి బిందువులు దొరకవు. డీలరు వేలు తుడవమంటాడు, కొంచెం నూనె రాయమంటాడు, ఇంకో వేలు పెట్టమంటాడు. సిగ్నల్ లేకపోతే ఆ శ్రమంతా వృథా. సర్వర్ ‘కాదు’ అంటే ఆ ముద్ర సరిపోలలేదని మాత్రమే అర్థం. ఎదురుగా నిలబడ్డ ముసలమ్మ మోసం చేస్తోందని కాదు. అయినా దుకాణం ముందు ఆ రెండింటికీ తేడా లేకుండా పోయిన సందర్భాలు ఎన్నో.

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ అనుభవం ఆధార్ కంటే పాతది. ఉపాధి హామీ కూలీకీ, సామాజిక పింఛన్లకూ ఉమ్మడి రాష్ట్రం 2006లోనే వేలిముద్రల స్మార్ట్‌కార్డులు మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుక్తంకర్ అనే ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో, దాదాపు 2 కోట్ల జనాభా ఉన్న మండలాల్లో ఈ కార్డుల ప్రభావాన్ని పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలీ డబ్బు త్వరగా చేతికందిందనీ, మధ్యలో మాయమయ్యే సొమ్ము బాగా తగ్గిందనీ తేలింది. ఇదే పరిశోధకులు తరువాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసిన తీరును పరిశీలిస్తే చిత్రం తిరగబడింది. సగటున లాభమేమీ కనిపించలేదు సరికదా, అప్పటికి కార్డుకు ఆధార్ జోడించుకోని కుటుంబాలకు అందే సరుకు తగ్గింది. రెండు రాష్ట్రాల్లోనూ సాంకేతికత ఒకే కోవకు చెందింది. కార్డు రానివాళ్లకు పాత పద్ధతిలో చెల్లించే దారిని ఆంధ్రప్రదేశ్‌లో తెరిచే ఉంచారు. జార్ఖండ్‌లో ఆ దారి బాగా ఇరుకైంది. బయోమెట్రిక్ గుర్తింపు గురించి వచ్చిన అధ్యయనాల్లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం అన్నిటికన్నా అవసరం. వేలిముద్ర పడకపోయినా రేషన్ ఆపవద్దని ఉడాయ్ 2017 అక్టోబరులో స్పష్టంగా ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

చట్టం ఆలస్యంగా వచ్చింది. నమోదులు మొదలైన ఐదారేళ్లకు, 2016లో పార్లమెంటు ఆధార్ చట్టం చేసింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ పుట్టస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. 2018 సెప్టెంబరు 26న అయిదుగురు సభ్యుల ధర్మాసనం 4-1 మెజారిటీతో సంక్షేమ పథకాలకు ఆధార్‌ను సమర్థించి, బ్యాంకు ఖాతాలకూ సిమ్ కార్డులకూ దాన్ని తప్పనిసరి చేయడాన్ని కొట్టేసింది. జస్టిస్ చంద్రచూడ్ విభేదించారు.

గుర్తింపు తేలాక డబ్బు చేరాలి. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ పథకం కోట్లాది కుటుంబాలకు మొదటి బ్యాంకు ఖాతా ఇచ్చింది. సబ్సిడీ జమ చేయడానికి ప్రభుత్వానికి ఖాతా నంబరు అక్కర్లేదు, ఆధార్ నంబరు చాలు. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అన్న పట్టిక నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ) దగ్గర ఉంటుంది. ‘ఎన్‌పీసీఐ లింకు అయిందా?’ అని సచివాలయాల్లో, బ్యాంకుల్లో వినిపించే ప్రశ్న ఈ పట్టిక గురించే. ఒకరికి నాలుగు ఖాతాలున్నా పట్టికలో పడేది ఒకటే, అదీ చివరగా జోడించినది. ఈ చిన్న నియమం 2017లో పెద్ద గొడవకు దారితీసింది. ఒక టెలికాం సంస్థ సిమ్‌కు ఆధార్ ధ్రువీకరణ చేస్తూనే, స్పష్టమైన అనుమతి లేకుండా లక్షలాది మందికి తన పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచింది. వాళ్ల గ్యాస్ సబ్సిడీ, తాము తెరిచినట్టు కూడా తెలియని ఖాతాల్లోకి వెళ్లిపోయింది. ఉడాయ్ ఆ సంస్థ ఆధార్ ధ్రువీకరణ లైసెన్సును కొంతకాలం నిలిపివేసింది.

పల్లెల్లో బ్యాంక్ మిత్ర చేతిలోని చిన్న యంత్రంతో, ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే ఖాతాలోంచి డబ్బు వస్తుంది. పింఛనుదారులకు, ఉపాధి కూలీలకు ఇది పట్నం బ్యాంకు దాకా పోయే బస్సు ఛార్జీనీ, ఆ రోజు కూలీనీ మిగిల్చిన సౌకర్యం. ఇక్కడ వేలిముద్ర రెండు పనులు చేస్తోంది. మనిషి ఎవరో చెబుతోంది, డబ్బు తీయడానికి ఒప్పుకున్నట్టు సంతకమూ పెడుతోంది. ఈ రెండో పనికి వేలిముద్ర తగదు. రహస్యంగా ఉండాలి, పోతే మార్చుకోగలగాలి అన్నవి తాళంచెవికి ఉండాల్సిన లక్షణాలు. వేలిముద్ర గాజు గ్లాసు మీద కూడా పడుతుంది. పోయిందని కొత్తది తెచ్చుకోవడం కుదరదు.

ఈ బలహీనత తెలుగు నేల మీదా బయటపడింది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికి భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులను ఆన్‌లైన్‌లో దించుకుని, వాటిమీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే విధానంలో నకలు చేశాడు. ఆధార్ నంబర్లూ ముద్రలూ ఒకే కాగితం మీద దొరికాయి. ఆ తరువాతి ఏళ్లలో ఇదే కిటుకుతో ఖాతాల్లోంచి డబ్బు లాగిన ముఠాలు పలు రాష్ట్రాల్లో పట్టుబడ్డాయి. 2023లో ఉడాయ్, ముద్రతో పాటు వేలి చిత్రాన్ని కూడా చూసి అది బతికున్న మనిషి వేలేనా అని తేల్చే పద్ధతి తెచ్చింది. ఆధార్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో బయోమెట్రిక్స్‌కు ఎవరైనా తాళం వేసుకోవచ్చు. అయితే ఆ తాళం అవసరం ఎక్కువున్న పింఛనుదారుల్లో చాలామందికి స్మార్ట్‌ఫోనే లేదు.

ఫోన్‌తో డబ్బు చెల్లించే యూపీఐ ఈ వేలిముద్ర పద్ధతికి పూర్తిగా భిన్నమైన తర్కంతో నడుస్తుంది. దాని వెనకున్న చరిత్రలో హైదరాబాద్‌కు చోటుంది. మాసాబ్‌ట్యాంక్ దగ్గరున్న బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధనా సంస్థ ఐడీఆర్‌బీటీ, ఏ బ్యాంకు కార్డుతోనైనా ఏ ఏటీఎంలోనైనా డబ్బు తీసుకునేలా నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో నడిపించింది. 2009లో ఆ స్విచ్ ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. 2010 నవంబరులో ఐఎంపీఎస్‌తో రాత్రింబవళ్లు తక్షణ బదిలీ మొదలైంది. అదే పట్టాల మీద 2016 ఏప్రిల్ 11న రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ రఘురాం రాజన్ యూపీఐని ప్రారంభించారు.

టీ కొట్టులో 10 రూపాయలు కట్టే మనిషి ఫోన్‌లో ఏం జరుగుతుందో వరుసగా చూడవచ్చు. కొట్టువాడి ‘స్కానర్’ అనే క్యూఆర్ కోడ్‌లో ప్రధానంగా ఉండేవి అతని యూపీఐ చిరునామా, పేరు. ఖాతా నంబరు అందులో ఉండదు. యాప్ ఆ చిరునామాను చదివి మొత్తం అడుగుతుంది. తరువాత వచ్చే పిన్ పేజీ నిజానికి యాప్‌ది కాదు, ఎన్‌పీసీఐ ఇచ్చిన కోడ్ ముక్క. అక్కడ నొక్కిన అంకెలు ఫోన్‌లోనే సంకేతలిపిగా మారిపోతాయి కాబట్టి యాప్ నడిపే సంస్థకు పిన్ కనిపించదు. అభ్యర్థన ఎన్‌పీసీఐకి చేరుతుంది. అది చిరునామా ఎవరిదో కనుక్కుని, కట్టే మనిషి బ్యాంకును 10 రూపాయలు తగ్గించమంటుంది. సరే అన్న జవాబు రాగానే కొట్టువాడి బ్యాంకును ఆ మొత్తం జమ చేయమంటుంది. కొన్ని క్షణాల్లో సౌండ్ బాక్స్ తెలుగులో ‘పది రూపాయలు అందాయి’ అంటుంది. బ్యాంకులు తమలో తాము లెక్క తేల్చుకునేది ఆ తరువాత, రోజుకు కొన్ని విడతలుగా, రిజర్వ్ బ్యాంక్ దగ్గర.

ఈ నడకలో ఆధార్ ఎక్కడా లేదు. అది ఖాతా తెరిచేటప్పుడు, సిమ్ తీసుకునేటప్పుడు పని ముగించుకుని పక్కకు తప్పుకుంది. చెల్లింపుకు సాధారణంగా కావాల్సినవి రెండు: ఖాతాకు లింకైన సిమ్ ఉన్న ఆ ఫోనే కావడం, యజమాని మనసులోని పిన్. ఫోన్ పోతే సిమ్ ఆపించవచ్చు, పిన్ తెలిసిపోతే మార్చుకోవచ్చు. యూపీఐ బలమంతా ఈ రెండూ మార్చుకోదగ్గవి కావడంలోనే ఉంది.

డబ్బులు కట్ అయి, అవతలికి చేరకపోవడం కొత్తవాళ్లను భయపెడుతుంది. తగ్గించే పని ఒక బ్యాంకుది, జమ చేసే పని మరో బ్యాంకుది కాబట్టి మధ్యలో తెగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 2019 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం వ్యక్తికి పంపిన డబ్బు జమ కాకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ నియమం తెలిసినవాళ్లు తక్కువ, బ్యాంకు కౌంటర్లో దాన్ని గుర్తుచేసేవాళ్లు ఇంకా తక్కువ.

2016 డిసెంబరులో, పెద్దనోట్ల రద్దు నాటి క్యూల మధ్య, దేశం మొత్తమ్మీద యూపీఐ లావాదేవీలు సుమారు 20 లక్షలు. 2019 అక్టోబరులో నెలకు 100 కోట్లు దాటాయి, 2023 ఆగస్టులో 1,000 కోట్లు, 2025 ఆగస్టులో 2,000 కోట్లు. వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదని 2020 జనవరి నుంచి వచ్చిన నిర్ణయం చిన్న దుకాణాలకు ధైర్యమిచ్చింది. కానీ సర్వర్లు నడిపే ఖర్చు ఎక్కడికీ పోదు. దాన్ని బ్యాంకులూ, కొంత ప్రభుత్వ ప్రోత్సాహకమూ మోస్తున్నాయి. పైగా లావాదేవీల్లో సుమారు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు యాప్‌ల గుండానే వెళ్తున్నాయి. ఒక్కో యాప్‌కు 30 శాతం పరిమితి అని ఎన్‌పీసీఐ 2020లోనే చెప్పినా, అమలు గడువు వాయిదాలు పడి 2026 చివరికి వెళ్లింది. ఇలా ఒకచోట పోగుపడితే ఏమవుతుందో 2020 మార్చిలో కనిపించింది. యెస్ బ్యాంక్‌పై మారటోరియం విధించగానే, ఆ బ్యాంకు మీదే ఆధారపడిన ఫోన్‌పే సేవలు ఆగిపోయాయి. యాప్ ముఖం మాత్రమే. వెనక ఒక బ్యాంకు లేకుండా అది అడుగు కదపలేదు.

మోసాలు గుప్తలిపిని ఛేదించి జరగడం లేదు, మనుషుల్ని నమ్మించి జరుగుతున్నాయి. ‘మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి’ అన్న మాటతోనే ఎందరో పోగొట్టుకున్నారు. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. డబ్బు పంపమని ఎదుటివాళ్లే అభ్యర్థన పంపే సౌకర్యాన్ని వ్యక్తుల మధ్య 2025 అక్టోబరు నుంచి తీసేయడానికి కారణం ఇదే. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే, డబ్బు మరో ఖాతాకు మారేలోపు ఆపే అవకాశం ఉంటుంది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం 2022 మార్చిలో మామూలు బటన్ల ఫోన్‌తో నడిచే యూపీఐ 123పే వచ్చింది. సరిహద్దు దాటిన అడుగులు కూడా పడ్డాయి. 2023 ఫిబ్రవరిలో సింగపూర్ చెల్లింపుల వ్యవస్థ పేనౌతో అనుసంధానం జరిగింది, 2024 ఫిబ్రవరి నుంచి ఈఫిల్ టవర్ టికెట్లకు యూపీఐ పనికొస్తోంది. అమెరికా, బ్రిటన్, యూఏఈ, సౌదీ అరేబియా, ఖతర్, ఒమన్ వంటి పది దేశాల నంబర్లతో ప్రవాసులు తమ ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలను యూపీఐకి జోడించుకునేందుకు 2023లో అనుమతి వచ్చింది. దుబాయ్‌లో పనిచేసే కరీంనగర్ యువకుడు అక్కడి నంబరు మీదే ఊళ్లోని కిరాణా బాకీ తీర్చగలడు. ప్రవాసులకు ఆధార్ తప్పనిసరి కాదు. అతనెవరో బ్యాంకు పాస్‌పోర్టు చూసి తేల్చుకుంటుంది, చెల్లింపుకు ఆ ఫోనూ పిన్నూ సరిపోతాయి.