పాలు పడకపోవుట: అజీర్ణమా? అలర్జీయా?

“మా బాబుకు పాలు పడవండీ, అరుగుదలకు ఏదైనా ఇవ్వండి” అని తల్లులు నన్ను తరచుగా అడుగుదురు. ‘పడవు’ అను ఈ ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు బాధలు కలవు.

అజీర్ణము

పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. దానిని అరిగించు లాక్టేజ్ అను ఎంజైము చిన్నప్రేగు గోడలలో తయారగును. అది తగ్గినచో చక్కెర అరగక పెద్దప్రేగును చేరి, అక్కడి సూక్ష్మజీవుల వలన పులిసి, కడుపుబ్బరము, విరేచనములు కలిగించును. తోడు వేసిన పెరుగులో ఈ చక్కెర కొంత తగ్గును. కావున ఇట్టివారికి మజ్జిగ సరిపడుట సహజము.

అలర్జీ

ఇందు దోషము పాల చక్కెరది కాదు, మాంసకృత్తులది. దేహరక్షణ వ్యవస్థ వాటిని శత్రువులుగా భ్రమించును. ఇవి మజ్జిగలోనూ ఉండును. ఒక మూడేళ్ల బాలునికి పాలు త్రాగగానే వాంతి యగుచున్నదని చెప్పగా, దద్దుర్ల సంగతి అడుగక నేను మజ్జిగ పట్టమంటిని. పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, బిడ్డను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చెను. నాటినుండి ఆ ప్రశ్న అడుగక ఎవరికీ సలహా ఇచ్చుట లేదు.

ప్రేగుల పాత్ర

చరకుడు గ్రహణిని జఠరాగ్నికి స్థానముగా చెప్పెను. తిన్న ఆహారమును మిత్రునిగా గుర్తించు శిక్షణ కూడ చాలవరకు ప్రేగులలోనే జరుగునని నేటి విజ్ఞానము చెప్పుచున్నది. లండన్ పరిశోధకులు 640 మంది శిశువులపై జరిపిన అధ్యయనము 2015లో వెలువడినది. వీరందరూ తీవ్రమైన ఎగ్జిమా గాని, గ్రుడ్డు అలర్జీ గాని ఉన్నవారు. పసితనము నుండి వేరుసెనగ తినిపించిన వారిలో ఐదేళ్లకు 3.2 శాతము మందికి, మానిపించిన వారిలో 17.2 శాతము మందికి వేరుసెనగ అలర్జీ కనిపించినది. అలవాటుచే ఒంటికి సరిపడుటను మన శాస్త్రము ‘సాత్మ్యము’ అనును. అయితే ఇది అలర్జీ రాకుండుటకు చేసిన ప్రయత్నమే. ఇదివరకే అలర్జీ ఉన్న బిడ్డపై ఇంటిలో ప్రయోగించరాదు.

గుర్తుంచుకొనవలసినవి

అజీర్ణము మోతాదును బట్టి పెరుగును. అలర్జీకి ఒక్క చెంచా చాలును. అలర్జీ లక్షణములు సాధారణముగా నిమిషములలో, లేదా రెండు గంటలలోపు కనిపించును. వాము, శొంఠి అజీర్ణమునకు ఉపకరించును గాని అలర్జీని మాన్పజాలవు.

ఆయాసము, గొంతు బిగియుట, స్పృహ తప్పుట కనిపించినచో పోపులపెట్టె వెదకుచు కాలము వృథా చేయక, వెంటనే 108కి ఫోను చేయవలెను. అప్పుడు ప్రాణము నిలుపునది అడ్రినలిన్ సూదిమందే.