గుఱ్ఱపుతోకలో రాచపుండు

వెన్నుపాము వెన్నెముక చివరివరకు దిగదు. పెద్దవారిలో అది నడుము మొదటి రెండు పూసలదగ్గఱనే ముగియును. అచ్చటినుండి క్రిందికి సాగునది నాడుల కుచ్చు మాత్రమే. పూర్వపు శరీరశాస్త్రజ్ఞులు దానిని గుఱ్ఱపుతోకతో పోల్చి, లాటిను భాషలో 'కాడా ఈక్వైనా' అని పేరిడిరి. కాళ్ళ కదలికయు, మలమూత్రముల అదుపును ఈ పోగులపైననే ఆధారపడి యున్నవి.

ఈ నాడులకు విద్యుత్తీగపై తొడుగువంటి కవచము కలదు. 1839లో కణసిద్ధాంతమును ప్రకటించిన జర్మను శాస్త్రజ్ఞుడు థియొడోర్ ష్వాన్ పేరిట ఆ కవచపు కణములు ప్రసిద్ధములైనవి. వానిలో పుట్టు కంతులు చాలవరకు నిరపాయములు. మెల్లగా పెరుగును, పొరుగు భాగములలోనికి చొచ్చుకొనిపోవు. దుష్టమైన కంతి మిక్కిలి అరుదు. అది ఏటా లక్షమందిలో ఒకరికైనను రాదు. వచ్చినను సాధారణముగా చేతులు, కాళ్ళు, మొండెములందలి నాడులకే వచ్చును. గుఱ్ఱపుతోకలో పుట్టుట అరుదులో అరుదు.

ఈ వ్యాధిగ్రస్తులలో సుమారు సగముమందికి పుట్టుకతోనే ఒక జన్యులోపముండును. ఆ లోపమువలన కలుగు నాడీకంతుల వ్యాధిని 1882లో ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ వివరించెను. 17వ క్రోమోసోముపైనున్న ఆ జన్యువును 1990లో కనుగొనిరి. కణవృద్ధికి అది కళ్ళెమువంటిది. ఆ లోపముగలవారిలో సుమారు పదింట ఒకరికి జీవితకాలములో ఈ రాచపుండు రావచ్చును.

చికిత్సలోని చిక్కు ఇచ్చటనే కలదు. ఇతరస్థానములలో వైద్యుడు కంతిని చుట్టుప్రక్కల కొంత మంచి కండతోసహా కోసివేయును. గుఱ్ఱపుతోకలో అట్టి వెసులుబాటు లేదు. పోగును కాపాడిన, వ్యాధిబీజము మిగులవచ్చును; పోగును కోసిన, రోగి కాలి బలమో, మూత్రముపై అదుపో పోవచ్చును. కిరణచికిత్సయు మందులును కొంతవరకే తోడ్పడును. కావున కంతి చిన్నదిగా నున్నప్పుడే గుర్తించుట మేలు.

నడుమునొప్పి ఎల్లరకును వచ్చునదే. కాని పడుకొన్నప్పుడు రాత్రివేళ హెచ్చు నొప్పి ఉపేక్షింపదగినది కాదు. కాళ్ళు బలహీనమగుట, జీనుపై కూర్చొన్నప్పుడు తగులుచోట స్పర్శ నశించుట, మూత్రము బిగియుట కనిపించిన నాడే ఆసుపత్రికి పోవలెను. వీనికి కారణము తఱచుగా జారిన పూసబిళ్ళయే. అయినను నలిగిన నాడికి ఆలస్యము హానికరము.

ఉపాధ్యాయులు గమనింపదగినది మఱొకటి కలదు. ఒకటి రెండు పుట్టుమచ్చలు భయకారణములు కావు. బాలుని మేన కాఫీవర్ణపు మచ్చలు ఆఱో, అంతకు మించియో ఉన్నచో మాత్రము తల్లిదండ్రులకు మెల్లగా తెలిపి, వైద్యునికి చూపుమనవలెను. తోడిపిల్లలు ఆ మచ్చలను జూచి నవ్వకుండ కాచుటయు గురువు ధర్మమే.