సూట్‌కేసులో వచ్చే కంటి చుక్కలు

ఫార్మసిస్టుగా నన్ను ఎక్కువగా భయపెట్టేది, ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలు పచ్చళ్లతో పాటు తెచ్చుకునే కంటి చుక్కల సీసా.

మా అత్తయ్యకు ఏళ్ల తరబడి ఒక కంట నీరు కారేది. విదేశంలో ఉన్న మా దగ్గరికి వచ్చాక ముక్కు పక్కన కంటి మూల ఎర్రగా ఉబ్బింది. తెచ్చుకున్న చుక్కలు వేసుకుంటే ఎరుపు కాస్త తగ్గింది. ఆ మందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంది. ఎరుపును తగ్గించింది అదే, లోపల చీము మాత్రం పెరుగుతూనే ఉంది. చివరకు రెప్ప మూసుకుపోయి, జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. పాత జబ్బేనంటూ ఇన్సూరెన్సు వారు బిల్లు కట్టలేదు.

కన్నీరు కంటి మూలలోని సన్నని రంధ్రాల గుండా కన్నీటి సంచిలోకి, అక్కడి నుంచి ముక్కులోకి దిగుతుంది. ఆ దారి మూసుకుపోతే నిలిచిన నీటిలో బాక్టీరియా పెరుగుతుంది. ఎక్కువగా కనిపించేవి స్టెఫలోకాకస్, స్ట్రెప్టోకాకస్ జాతులు, హీమోఫిలస్. నడివయసు దాటిన ఆడవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. పైన వేసే చుక్కలు మూసుకుపోయిన సంచిలోకి సరిగా చేరవు. అందుకే డాక్టర్లు నోటి మందు ఇస్తారు: అమోక్సిసిలిన్-క్లావులనేట్ గానీ సెఫలెక్సిన్ గానీ. మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అని అనుమానం వస్తే క్లిండమైసిన్ వంటివి వాడతారు. ఏది పనిచేస్తుందో చీము కల్చర్ చెబుతుంది. పెన్సిలిన్ పడనివారు ఆ మాట ముందే చెప్పాలి. వాపు తగ్గిందని కోర్సు మధ్యలో ఆపకండి. కన్ను తిప్పితే నొప్పిగా ఉన్నా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

మందు ఇన్‌ఫెక్షన్‌ను తగ్గిస్తుందే గానీ దారి తెరవదు. అందుకు సంచి నుంచి ముక్కులోకి కొత్త దారి చేసే డీసీఆర్ ఆపరేషన్ ఉంది. ఇటలీ వైద్యుడు టోటి 1904లోనే దాన్ని వివరించారు. కంట నీరు కారే పెద్దవాళ్లకు విమానం ఎక్కకముందే అక్కడ, కన్నీటి దారి తెరిచి ఉందో లేదో చూసే సిరంజింగ్ పరీక్ష చేయించండి. శుక్లాల ఆపరేషన్‌కు ముందయితే మరీ ముఖ్యం, సంచిలోని బాక్టీరియా కంటి లోపలికి చేరే ప్రమాదం ఉంది. అమెరికా నుంచి తిరిగి వెళ్లిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థలో కన్నీటి నాళాల జబ్బులకే ప్రత్యేక విభాగం ఉంది. మన తెలుగువాళ్లు కట్టిన అలాంటి చోటు ఉండగా అమ్మకు ఆ పరీక్ష వాయిదా వేయడమెందుకు?

పసిపిల్లల సంగతి వేరు. నాళం చివర పొర తెరుచుకోక కంట నీరు కారుతుంది. పదిమందిలో సుమారు తొమ్మిది మందికి ఏడాదిలోపు అదే సర్దుకుంటుంది. డాక్టరు చూపించినట్టు వేలితో కిందికి మర్దన చేస్తే చాలు. మూల ఎర్రగా ఉబ్బితే మాత్రం ఆ రోజే చూపించాలి. అమ్మమ్మ చేతి దిష్టిచుక్కను మానకండి, మన పిల్లలకు అదీ తెలియాలి. కాకపోతే అరికాలికి పెట్టించండి, కంట్లో కాటుక వద్దు. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం బయటపడింది.